నా ఖాతాను ఎవరు, ఎప్పుడు తెరిచి చూశారో బ్యాంకును అడగవచ్చా?

అడగవచ్చు, ప్రభుత్వ రంగ బ్యాంకైతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ బ్యాంకులు ఈ చట్టం పరిధిలోకి వస్తాయి, పైగా అడిగేది మీ సొంత ఖాతా గురించే. పలాసలో ఖాతా ఉందనుకోండి, 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నా నెట్ బ్యాంకింగ్ లాగిన్ల తేదీ, సమయం ఇవ్వండి' అని రాయాలి. 'అన్ని వివరాలూ ఇవ్వండి' అంటే పని కాదు. చూసిన ఉద్యోగి పేరు మాత్రం, వ్యక్తిగత సమాచారమని ఇవ్వకపోవచ్చు.

పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే ఇదంతా తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. అందులో ఉండేవి డబ్బు లావాదేవీలే, లాగిన్లు కాదు. ప్రైవేటు బ్యాంకైతే దారి వేరు: ముందు బ్యాంకుకే రాతపూర్వక ఫిర్యాదు, 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అధికారి, అంటే అంబుడ్స్‌మన్.