బండి మీదే, కానీ చెప్పకుండా తెచ్చుకుంటే దొంగతనం కావచ్చు

ప్రశ్న: మా నాన్నగారి 1968 నాటి జావా మోటార్‌సైకిల్ స్టార్ట్ కాకపోతే ఇరవై నెలల క్రితం ఒక మెకానిక్‌కు ఇచ్చాను. అరిగిపోయిన పాయింట్లు, కండెన్సర్ (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పాత పద్ధతి ఇగ్నిషన్ భాగాలు) మార్చమని ఫోనులోనే చెప్పాను. రెండు నెలల తర్వాత వెళ్లి చూస్తే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించాడు. బిల్లు 14,500 రూపాయలట. ఫోను ద్వారా పంపిన 2,000 పోను మిగతాది కట్టందే బండి ఇవ్వనంటున్నాడు. పాత భాగాలు పారేశాడట. నాన్నగారు పోయాక ఆయన గుర్తుగా మిగిలింది ఆ బండే. రెండో తాళం నా దగ్గరే ఉంది. వెళ్లి తెచ్చుకోవచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తెచ్చుకోకూడదు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో మీ కథే గడియారం రూపంలో ఉంది. రిపేరు డబ్బు బాకీ ఉండి, అందుకు హామీగా దుకాణదారు చట్టబద్ధంగా ఉంచుకున్న గడియారాన్ని సొంతదారే ఆ హామీ దక్కకుండా చేయాలని ఎత్తుకుపోతే అది దొంగతనమే. బాకీయే లేకపోతే కాదు. బాకీ ఉందో లేదో తేలకముందే తాళం తిప్పితే, ఫిర్యాదుదారుగా ఉండవలసిన మీరు ముద్దాయి అవుతారు.

తేలవలసింది ఒక్కటే: బండిని ఏ పనికి ఇచ్చారు? కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన పనికి అనుగుణంగా శ్రమ చేసినవాడికే కూలి అందేదాకా వస్తువును పట్టి ఉంచుకునే హక్కు. పాయింట్లు మార్చమంటే ఇగ్నిషన్ పద్ధతినే మార్చడం ఆ పని కాదని వాదించవచ్చు. కానీ రుజువేది? మెకానిక్ చేత చీటీ రాయించుకోకపోవడం మీ నిర్లక్ష్యమే. 2,000 పంపినప్పుడు పక్కన ‘పాయింట్లకు’ అని రాశారేమో చూడండి. వాట్సాప్ సందేశాలుంటే ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. వాటిని దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం కావాలి.

వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. మార్పు చూసిన రోజు నుంచి లెక్కిస్తే పద్దెనిమిది నెలలు పోయాయి. ‘రేపు రండి, మాట్లాడుకుందాం’ అన్న మాటలతో గడువు పెరగదు, నోటీసు ఇచ్చినా పెరగదు. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరుతోనే ఉందా? వారసుడిగా మూడు నెలల్లో బదిలీకి దరఖాస్తు చేయవలసింది. పని అప్పగించింది మీరే కాబట్టి దానివల్ల ఈ కేసు పోదు గానీ, అవతలి లాయరు ఊరుకోడు.

పాయింట్లు, కండెన్సర్ మార్పుకు అయ్యే న్యాయమైన కూలి చెల్లిస్తానని, బండి, పాత భాగాలు అప్పగించమని స్పీడు పోస్టులో ఈ వారమే నోటీసు పంపండి. ఒప్పుకోకపోతే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, బిల్లు మొత్తం బ్యాంకు ద్వారా కట్టి, రశీదు తీసుకుని బండి విడిపించండి. తర్వాత గుంటూరు జిల్లా కమిషన్‌లో వేయండి. మీ నివాసం ఆ జిల్లాలోనే కాబట్టి మెకానిక్ ఎక్కడివాడైనా ఫరవాలేదు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

బండి ఇంటికి రాగానే మళ్లీ పాయింట్లు పెట్టించే పని మాత్రం వద్దు. జావా పని తెలిసిన ఇంకో మెకానిక్ చేత ఫొటోలతో రాతపూర్వక నివేదిక తీసుకునేదాకా ఆ ఎలక్ట్రానిక్ కిట్టును విప్పనివ్వకండి.