భీమిలి విల్లాలో స్టీలు మచ్చలు, బిగిసిన తాళం

అన్నా, మీరుండేది అనంతపురంలో, భీమిలి దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో కొన్న విల్లాకేమో ఏడాదికే స్టీలు రెయిలింగు మీద గోధుమరంగు మచ్చలు, మెయిన్ డోర్ తాళం బిగుసుకుపోవడం అన్నారు కదా. బిల్డరు మోసమని అప్పుడే గొడవకు దిగొద్దు. ముందు బిల్లులో స్టీలు గ్రేడు చూడండి. 304 గ్రేడు అయితే సముద్రపు ఉప్పుగాలికి మచ్చలు పడటం మామూలే. 316 గ్రేడులో 2–3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, అందుకే ఎక్కువ తట్టుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలీదు, ఎవరన్నా చెప్పినా నమ్మొద్దు.

మచ్చల మీద వంటసోడా ముద్ద పూసి, నైలాన్ పీచుతో స్టీలు మీది సన్నటి పాలిష్ గీతలు ఎటుంటే అటే రుద్ది, మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడవండి. ఇనప పీచు వద్దే వద్దు, దాని పొడి ఇరుక్కుని మళ్లీ తుప్పు పడుతుంది. బాత్రూం యాసిడ్ అంతకంటే చేటు. వాన తగలని తావులే ముందు చెడతాయి: బాల్కనీ కప్పు కింద కమ్మీల అడుగుభాగం చూడండి, అక్కడ ఉప్పు కడిగే నాథుడుండడు. నెలకోసారి కడిగించాల్సిందే.

తాళంలో కొబ్బరినూనె పోయకండి, ఇసుక పట్టి జిగురవుతుంది. కాస్త గ్రాఫైట్ పొడి చాలు. కడిగే మనిషికి అసోసియేషన్‌తో గేట్ పాస్ ఇప్పించండి. బయట కొళాయి ఉంటే ఇంటి తాళంచెవి ఎవరికీ ఇవ్వక్కర్లేదు.