అన్నయ్య మేడ కనబడితే నాకు ప్రార్థన రావడం లేదు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. నాన్న మంచాన పడి ఉన్నప్పుడు అన్నయ్య ఆయన చేత వేలిముద్ర వేయించి రెండెకరాలూ తన పేర రాయించుకున్నాడు. నాన్న పోయాక, నిరుడు ఈ సంగతి బయటపడింది. అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా ఆయన ఆటో నడుపుతారు, అద్దె ఇల్లు. అన్నయ్య మేడ కట్టాడు. గృహప్రతిష్ఠ రోజు పాస్టర్ గారు "ఈ నీతిమంతుని ఇంటిని ఆశీర్వదించు ప్రభువా" అన్నారు. ఆ రోజు నుంచి చర్చికి వెళ్ళడం మానేశాను. రాత్రుళ్ళు వదిన వాట్సాప్ స్టేటస్‌లు చూసి ఏడుస్తాను, ఆ కోపమంతా మా ఆయన మీద చూపిస్తాను. "దేవుడు చూసుకుంటాడు, వదిలెయ్" అంటుంది అమ్మ. చూసుకునే దేవుడైతే వాళ్ళకే ఎందుకిస్తున్నాడు?

జవాబు: అమ్మా, మీ పొలం పోయింది. దాంతో పాటు ప్రార్థన కూడా పోయింది. రెండోదాని గురించి ముందు మాట్లాడతాను.

మీ ప్రశ్న అవిశ్వాసం కాదు. బైబిల్లో ఆసాపు కూడా అదే అడిగాడు. దావీదు రాజు కాలంలో దేవుని మందసం, అంటే పవిత్రమైన నిబంధన పెట్టె ముందు పాటలు పాడేవాళ్ళకు ఆయనే నాయకుడు. ఆయన పేరున ఉన్న 73వ కీర్తన ఈ రాత్రే చదవండి. చెడ్డవాళ్ళు హాయిగా బతుకుతుంటే చూసి ఓర్వలేకపోయానని, కాలు జారబోయిందని, మనసు శుద్ధిగా ఉంచుకోవడం దండగే అనిపించిందని దాచకుండా చెబుతాడు. ఎంత ఆలోచించినా అంతుపట్టలేదట. దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళాకే వాళ్ళ అంతం ఏమిటో తెలిసిందట. అంటే ఆ అసూయను గుండెలో పెట్టుకునే లోపలికి వెళ్ళాడు. మీరు అదే అసూయ వల్ల గుమ్మం బయటే ఉండిపోయారు.

ఆ కీర్తనలోనే, దేవుడే నా స్వాస్థ్యం అంటాడు. స్వాస్థ్యం అంటే వారసత్వంగా దక్కే వాటా. ఆసాపు లేవీయుడు, అంటే దేవుని మందిర సేవ చేసే గోత్రంవాడు. ఇశ్రాయేలు గోత్రాలకు భూమి పంచినప్పుడు లేవీయులకు మిగతావాళ్ళలా వాటా ఇవ్వలేదు. పొలం లేని వంశంలో పుట్టిన మనిషి ఆ మాట అన్నాడమ్మా! అక్కడికి వచ్చేసరికి నేను ప్రతిసారీ ఆగిపోతాను.

అలాగని పొలం వదిలేయమని చెప్పను. సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో సెలోపెహాదు కూతుళ్ళు ఐదుగురూ మోషే ముందు నిలబడి తండ్రి ఆస్తిలో వాటా అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమేనని దేవుడే అన్నాడు. దేవుణ్ణి నమ్ముకోవడమంటే నోరు మూసుకోవడం కాదని అమ్మకు ఇది చదివి వినిపించండి. వేలిముద్ర వేయించిన రోజు ఏం జరిగిందో అమ్మను మెల్లగా అడగండి, ఒత్తిడి చేయొద్దు. కొడుకును వేలెత్తి చూపడం ఏ తల్లికైనా నరకమే.

దేవుడికి వదిలేయాల్సింది అన్నయ్య చెడిపోతే చూడాలన్న కోరిక. మీకు కావలసింది మీ వాటా. వదిన స్టేటస్‌లలో ఆ వాటా దొరకదు, మ్యూట్ చేసేయండి.

కోర్టు విషయంలో ఆలస్యం చేయకండి. మోసంతో రాయించుకున్న దస్తావేజును రద్దు చేయించాలంటే, సంగతి తెలిసినప్పటి నుంచి సాధారణంగా మూడేళ్ళలోపే దావా వేయాలి. మీకు ఇప్పటికే ఏడాది గడిచింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు, ఈసీ (ఆ పొలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసుకోండి. అది రద్దయితే, నాన్న వీలునామా రాయకపోయి ఉంటే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అన్నయ్య ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ కూడా చేసుకోవచ్చు. తోబుట్టువుల మధ్య నేను ముందుగా కోరుకునేది అదే.

పాస్టర్ గారికి ఈ వేలిముద్ర కథ తెలుసో లేదో మీరు రాయలేదు. విడిగా కలిసి చెప్పండి. ఆయన నమ్మకపోయినా సరే, ఆయన చేసిన ప్రార్థన దేవుడిచ్చిన తీర్పు కాదు. ఆదివారం వెళ్ళి చాప మీద ఏ మూలైనా కూర్చోండి. ప్రార్థన రాకపోతే ఆసాపు మాటలే చదవండి.

ఇక మీ ఆయన. ఈ మోసంలో ఆయన తప్పేముంది? అయినా ఏడాదిగా మీ మాటలు పడుతున్నారు. ఈ రాత్రి ఆటో దిగి ఇంటికి రాగానే, అన్నం పెట్టేముందే ఆయన్ని క్షమాపణ అడగండి. నకలు కోసం ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఆయన్నే తోడు రమ్మనండి.