డాక్టర్ సలహా: రోజూ పరిగెత్తితే ఎత్తు పెరుగుతారా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. మా అబ్బాయికి 16 ఏళ్లు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. ఎత్తు 163 సెం.మీ., బరువు 49 కిలోలు. కిందటేడాది ఇదే నెలలో 161 ఉన్నాడు. ఆర్మీకి గానీ పోలీసుకు గానీ వెళ్లాలని పట్టుదల. పరిగెత్తితే ఎత్తు పెరుగుతారని ఎవరో చెప్పారట, మూడు నెలలుగా తెల్లవారుజామున 4 గంటలకే లేచి రోజూ తారు రోడ్డు మీద 6 కిలోమీటర్లు పరిగెత్తుతున్నాడు. నెల రోజులుగా మోకాలి కింద కాలి ముందు ఎముక నొప్పి అంటున్నాడు. మందుల షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుని మళ్లీ వెళ్తున్నాడు. నా ఎత్తు 165, వాళ్లమ్మ 152. పరుగు వల్ల నిజంగా ఎత్తు వస్తుందా? నాకు 46 ఏళ్లు, మూడేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. వాడితో పాటు నేనూ పరిగెత్తవచ్చా?

జవాబు: పరుగు వల్ల ఎత్తు పెరగదు. తిండి, నిద్ర సరిగా ఉంటే తగ్గదు కూడా. మీ అబ్బాయి విషయంలో ఎత్తు కన్నా ముందు తేల్చాల్సింది ఆ కాలి నొప్పి. మాత్ర వేసుకుని ఆ నొప్పి మీదే పరిగెత్తడం ఈ రోజే మాన్పించండి. కారణం కింద రాస్తాను.

ముందు ఎత్తు సంగతి. ఎముక పొడవు పెరిగేది దాని చివర్లలో ఉండే మృదులాస్థి పొరల దగ్గర. వీటినే గ్రోత్ ప్లేట్లు అంటాం. కాలి పొడవులో దాదాపు మూడింట రెండొంతులు మోకాలికి పైనా కిందా ఉన్న ప్లేట్ల నుంచే వస్తుంది. అవి ఎన్నాళ్లు తెరిచి ఉంటాయన్నది వంశపారంపర్యాన్ని, యుక్తవయసు హార్మోన్లను బట్టి ఉంటుంది. ఆడపిల్లల్లో సుమారు 14-15 ఏళ్లకు, మగపిల్లల్లో 16-18 ఏళ్ల మధ్య అవి గట్టి ఎముకగా మారిపోతాయి. ఆ తర్వాత ఏం చేసినా పొడవు రాదు. గట్టిగా పరిగెత్తినప్పుడు రక్తంలో గ్రోత్ హార్మోన్ కాసేపు పెరిగే మాట నిజమే. అది గంటా రెండు గంటల్లో మామూలుకు వస్తుంది, చివరికి వచ్చే ఎత్తును మార్చదు.

"రన్నింగ్‌కి వెళ్లాక మావాడు జానెడు పొడుగయ్యాడు" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మగపిల్లలు 13-14 ఏళ్ల దగ్గర ఏడాదికి 8 నుంచి 10 సెం.మీ. ఎదుగుతారు. సరిగ్గా ఆ వయసులోనే గ్రౌండ్‌కి వెళ్లడం మొదలెడతారు. పేరు పరుగుకు వస్తుంది.

కొలతలోనూ ఒక తిరకాసు ఉంది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేవగానే మనిషి 1 నుంచి 2 సెం.మీ. పొడుగ్గా ఉంటాడు. అందులో దాదాపు సగం లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది, పరిగెత్తితే ఇంకాస్త త్వరగా తగ్గుతుంది. బార్‌కి వేలాడితే వచ్చే ఎత్తూ ఇలాంటిదే, కిందికి దిగి నాలుగడుగులు వేస్తే పోతుంది. అందుకే ఎప్పుడూ ఒకే సమయానికి, సాయంత్రమైతే మేలు, కొలవండి. చెప్పుల్లేకుండా మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనించాలి. గడ్డం పైకెత్తకూడదు, కంటి కింది అంచూ చెవి రంధ్రమూ ఒకే అడ్డగీతలో ఉండాలి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకాన్ని గోడకు లంబంగా పెట్టి నెత్తి మీదికి దించి పెన్సిల్‌తో గీత గీయండి. మూడు నెలలకు ఒకసారి చాలు. రోజూ కొలిస్తే పిల్లాడికి బెంగ తప్ప ఇంకేం రాదు.

ఇక మీ అబ్బాయి లెక్క. మగపిల్లలకు తల్లిదండ్రుల ఎత్తులు కూడి, 13 కలిపి, సగం చేస్తాం. 165, 152, 13 కలిపితే 330, అందులో సగం 165. దీనికి అటూ ఇటూ 8.5 సెం.మీ. వరకు తేడా రావచ్చు. కిందటేడాది నుంచి 2 సెం.మీ. మాత్రమే పెరిగాడు కాబట్టి వేగంగా ఎదిగే దశ దాటిపోయినట్టే. గొంతు మారి, మీసాలు వచ్చి రెండేళ్లయి ఉంటే ఇంకో 1 నుంచి 3 సెం.మీ. రావచ్చని నా అంచనా. ఊహించుకుంటూ కూర్చునే కన్నా ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీయిస్తే ఎముక వయసు తెలుస్తుంది. అది 15 అని వస్తే ఆశ ఉంది. 17 దాటిందని వస్తే ఎత్తు మాట వదిలేయండి.

ఆర్మీ జనరల్ డ్యూటీకి మన రాష్ట్రం వాళ్లకు 166 సెం.మీ. కావాలి. అది అందే దూరంలోనే ఉంది. కానిస్టేబుల్‌కి 167.6, అది కష్టం. ఎస్టీలైతే అక్కడ 160 చాలు. నేవీకి ఇటీవలి నోటిఫికేషన్లలో 157 పెట్టారు, ఆర్మీలోనే క్లర్కు పోస్టుకు 162. ఒక్క అంకె చుట్టూ మనసు పాడు చేసుకోకుండా ఈ దారులు కూడా చూడమనండి. కానిస్టేబుల్ పరీక్షలో ఛాతీ 86.3 సెం.మీ. ఉండి, ఊపిరి పీలిస్తే కనీసం 5 సెం.మీ. విప్పారాలి. ఎత్తులా కాదు, ఇది సాధనతో వస్తుంది.

ఎత్తు కోసం అమ్మే పొడుల్లో ఎక్కువ భాగం పంచదార, మాల్టు. డబ్బు దండగ అనుకుని వదిలేయొచ్చు. అంతకన్నా ప్రమాదం జిమ్ముల్లో కండల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. అందులోని మగ హార్మోను ఒంట్లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, గ్రోత్ ప్లేట్లను మూసేసేది ఆ ఈస్ట్రోజెనే. రావాల్సిన ఆ రెండు సెంటీమీటర్లూ పోతాయి.

ఇప్పుడు నొప్పి. మీవాడిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి మోకాలి నుంచి చీలమండ దాకా బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. కింది భాగంలో నాలుగైదు వేళ్ల వెడల్పున బారుగా నొప్పి ఉండి, పరుగు మొదట్లో ఎక్కువగా, ఒళ్లు వేడెక్కాక తక్కువగా ఉంటే అది షిన్ స్ప్లింట్స్. ఎముక పైపొర, దానికి అంటుకున్న కండరాలు అలవాటు లేని బరువుకు వాచిపోవడం. రెండు మూడు వారాలు పరుగు ఆపి, రోజుకు రెండు మూడుసార్లు గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెడితే తగ్గుతుంది. ఆ రోజుల్లో సైకిలు తొక్కవచ్చు, ఈత కొట్టవచ్చు.

అలా కాకుండా ఒక్క రూపాయి బిళ్లంత చోట వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, ఆ ఒంటికాలి మీద గెంతలేకపోయినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా లాగుతున్నా ఎముకలో సన్నని పగులు వచ్చి ఉండవచ్చు. దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది, పరిగెత్తుకో" అన్న మాట నమ్మి పూర్తిగా విరగ్గొట్టుకునేది ఇక్కడే. అనుమానం ఉంటే ఎమ్మారై తీయించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఉండదు. మోకాలి చిప్పకు రెండు వేళ్ల కింద ఎముక బుడిపెలా ఉబ్బి, నొక్కితే నొప్పిగా ఉంటే అది వేరే సంగతి. ఎదిగే వయసులో తొడ కండరం తాలూకు స్నాయువు గ్రోత్ ప్లేటును లాగడం వల్ల వస్తుంది. గెంతులు, బస్కీలు తగ్గిస్తే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

ఆ మాత్ర ఏమిటో మీరు రాయలేదు. ఇలాంటి నొప్పులకు షాపుల్లో సాధారణంగా డైక్లోఫెనాక్, లేదా దానితో పారాసిటమాల్ కలిపినది ఇస్తారు. నొప్పి తెలియకుండా చేస్తే పగులు పెద్దదవుతుంది, అది ఒకటి. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, అది రెండోది. టెక్కలి ఉద్దానానికి పక్కనే ఉంది. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు, అలాంటప్పుడు తెలిసిన కారణాన్ని మనమే తెచ్చిపెట్టుకోవడం ఎందుకు? సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు ఒకసారి చేయించండి. తేడా ఉంటే పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. ఆ రెండూ చూడకుండా ప్రొటీన్ పౌడర్ డబ్బా కూడా కొనవద్దు.

కాలు బాగయ్యాక పరుగు మళ్లీ మొదలుపెట్టవచ్చు, రోజూ మాత్రం వద్దు. వారానికి నాలుగు రోజులు, మధ్యలో విరామం. మొదటి వారం రెండేసి కిలోమీటర్లు, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంతో. ఆ తర్వాత వారం వారం మొత్తం దూరాన్ని పది శాతానికి మించి పెంచవద్దు. ఆరు వారాలు నొప్పి లేకుండా గడిచాకే ఒక రోజు వేగం పెట్టాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకూ రౌండుకూ మధ్య రెండు మూడు నిమిషాల నడక. కానిస్టేబుల్‌కి 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే రౌండుకు 2 నిమిషాలు. ఆర్మీ ర్యాలీలో పూర్తి మార్కులకు అడుగుతూ వచ్చిన 5 నిమిషాల 30 సెకన్లు కావాలంటే రౌండు 82 సెకన్లలో తిరగాలి. రోజూ 6 కిలోమీటర్లు నింపాదిగా పరిగెత్తినంత మాత్రాన ఆ వేగం రాదు, వారానికి ఒక్క రోజు ఇలా చేస్తే వస్తుంది.

తారు రోడ్డు నీరు పోవడానికి అంచులకు వాలుగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కన పరిగెత్తితే ఒక కాలి మీద బరువు ఎక్కువ పడుతుంది, పైగా చీకట్లో హైవే అంచున లారీల భయం. కాలేజీ గ్రౌండ్ మట్టి అన్నిటికన్నా మంచిది. భావనపాడు, కళింగపట్నం వైపు వాళ్లు తీరంలో పరిగెత్తుతుంటారు. తడిసి గట్టిపడిన ఇసుక ఫరవాలేదు. కాలు దిగబడే పొడి ఇసుకలో మడమ నరం, పిక్క పట్టేస్తాయి. బూట్లలో బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, 500-800 కిలోమీటర్లకు అడుగు మెత్తదనం పోతుంది.

16 ఏళ్లవాడికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. 4 గంటలకు లేవాలంటే రాత్రి 8కే పడుకోవాలి, ఆ పని ఏ ఇంట్లో జరుగుతోంది? 5.30కి లేపండి చాలు. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే.

తిండి విషయానికి వస్తే 163 సెం.మీ.కి 49 కిలోలంటే సన్నగానే ఉన్నాడు. రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ అందాలి. 300 గ్రాముల బియ్యంతో వండిన అన్నంలో 20, అర గ్లాసు పప్పులో 11, రెండు గుడ్లలో 12, అర లీటరు పాలలో 16, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7 గ్రాములు వస్తాయి. లెక్క సరిపోయింది. పొద్దున చోడి (రాగి) అంబలి మన దగ్గర ఎలాగూ ఉంది, 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. ముల్లుతో తినే నెత్తళ్లు కూడా మంచివే. తిండి చాలకుండా పరుగు మాత్రం పెంచితే యుక్తవయసు ఎదుగుదల మందగిస్తుంది, ఆడపిల్లల్లో అయితే నెలసరి ఆగిపోతుంది. హిమోగ్లోబిన్ చూపించి, ఆరు నెలలుగా నులిపురుగుల మందు వేయకపోతే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒకటి వేయించండి. అరగంట పరుగుకు మంచినీళ్లు చాలు. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసి, తగ్గిన ప్రతి కిలోకి లీటరున్నర చొప్పున నింపాదిగా తాగించండి.

మరి ఇంత చేస్తే పరుగు ఇచ్చేదేమిటి? గుండె ప్రతి కొట్టుకోవడంలోనూ ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కూర్చున్నప్పుడు ఉండే నాడి వేగం కొన్ని నెలల్లో కొంత తగ్గుతుంది. ఎముకల్లో ఖనిజం నిండేది ఇరవైల్లోపే, దానికి పరుగు ఒత్తిడి కావాలి. తండ్రికి షుగర్ ఉన్న పిల్లాడికి ఆ జబ్బు ఆలస్యం కావడమో, అసలు రాకపోవడమో ఎత్తు కన్నా పెద్ద లాభం.

పరుగులో ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఉన్నా ఈసీజీ, ఎకో చేయించాకే గ్రౌండ్‌కి పంపండి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ పిల్లలైతే సికిల్ సెల్ పరీక్ష కూడా. ఈ రక్తకణాల జబ్బు జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు గానీ, ఎండలో శక్తికి మించి పరిగెత్తితే కుప్పకూలే ముప్పు ఉంది.

మీ సంగతి. పరిగెత్తవచ్చు, కానీ మొదటి నాలుగు వారాలు చురుకైన నడకే. ఈలోగా బీపీ, ఈసీజీ, కంటి రెటీనా, కిడ్నీ పరీక్షలు పూర్తి చేసుకోండి. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది సార్లు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోయే భయం పెద్దగా ఉండదు, గ్లిమెపిరైడ్‌తో ఉంటుంది. పరగడుపున వెళ్లేముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 90 కన్నా తక్కువుంటే ఒక అరటిపండు తిని పావుగంట ఆగి వెళ్లండి. 300 దాటితే ఆ రోజు వద్దు. జేబులో మూడు చెంచాల గ్లూకోజ్ పొట్లం పెట్టుకోండి. చేతులు వణికినా, చల్లటి చెమటలు పట్టినా అక్కడే ఆగి నోట్లో వేసుకోండి. మళ్లీ మళ్లీ అలా అవుతుంటే మాత్ర మోతాదు తగ్గించాలి, అది మీ డాక్టరుతో మాట్లాడి చేయండి. చెప్పుల్లేకుండా ఎప్పుడూ పరిగెత్తవద్దు. ఇంటికొచ్చాక కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాళ్లు అద్దంలో చూసుకోండి. తిమ్మిర్లుగా ఉన్నా, బొబ్బ గానీ ఎర్రటి మచ్చ గానీ కనిపించినా పరుగు ఆపి చూపించుకోండి.