మారుతి జిప్సీ ముందు చక్రం మలుపులో టక్ టక్ అంటోంది, సీవీ జాయింట్ (చక్రం మలిగినా దానికి శక్తి అందించే కీలు) పోయినట్టేనా?

మామూలు కారులోలా జాయింట్ మీది రబ్బరు తొడుగు (బూట్) చిరిగిందేమోనని కిందికి దూరి వెతక్కండి, జిప్సీకి జాయింట్ బయట ఉండదు. ముందు కూడా గట్టి ఇరుసే కాబట్టి జాయింట్ నకుల్ (స్టీరింగ్‌తో పాటు చక్రాన్ని తిప్పే భాగం) లోపలి గుండ్రటి గూట్లో, గ్రీజులో మునిగి దాక్కుని ఉంటుంది.

పరీక్ష తేలిక. మట్టి నేల మీద (తారు రోడ్డు మీద వద్దు, గేర్లు బిగుసుకుంటాయి) ముందు హబ్బులు (చక్రం మధ్య భాగాలు, షాఫ్ట్‌తో కలిపేవి) లాక్ చేసి, ఫోర్ వీల్‌లో వేసి, స్టీరింగ్ ఒక కొసకు తిప్పి నెమ్మదిగా నడపండి. తర్వాత టూ వీల్‌కి మార్చి, హబ్బులు ఫ్రీ చేసి అలాగే తిప్పండి. చప్పుడు పోతే జాయింటే. పోకపోతే చక్రం బేరింగో, కింగ్‌పిన్ (నకుల్ మలిగే ఇరుసు) బేరింగో చూడాలి. అనవసరంగా షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) కొనకండి.

నకుల్ వెనక పల్చటి నల్ల జిడ్డు కారుతోందా? లోపలి సీల్ అరిగి డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ గ్రీజును కడిగేస్తోందన్నమాట. చాలా జాయింట్లు చచ్చేది ఇలాగే. సీల్ మార్చకుండా కొత్త జాయింట్ వేస్తే డబ్బు దండగ.

విప్పేటప్పుడు కాలిపర్‌ని (బ్రేక్ ప్యాడ్లను పట్టుకునే భాగం) తీగతో కట్టి వేలాడదీయండి, బ్రేక్ గొట్టం మీద బరువు పడకూడదు. హబ్, స్పిండిల్ (హబ్ తిరిగే బోలు ఇరుసు) తీస్తే షాఫ్ట్ జాయింట్‌తో సహా బయటికొస్తుంది. కుడి, ఎడమ షాఫ్టుల పొడవు వేరు, కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. జాయింట్ లోపలి గుండ్ల మీద, అవి తిరిగే గాడుల్లో గుంటలుంటే మార్చాల్సిందే. మాలిబ్డినం గ్రీజు బాగా దట్టించి బిగించండి.