అప్‌డేట్ తర్వాత ఆగకుండా రీస్టార్ట్ అవుతుంటే...

ప్రశ్న: మాది బొబ్బిలి. మా జిరాక్స్ షాపులోని విండోస్ 11 కంప్యూటర్, నిన్న అప్‌డేట్ అయినప్పటి నుంచి, లోగో కింద చుక్కలు తిరుగుతుండగానే ఆరిపోయి మళ్లీ మొదటికి వస్తోంది. కస్టమర్ల దరఖాస్తులన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ చేయించక తప్పదా?

జవాబు: ఫార్మాట్ మాట ఇప్పుడే తలపెట్టకండి, మీ దరఖాస్తులు పోకుండా చూసుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. ప్రింటర్, పెన్‌డ్రైవ్ వంటివన్నీ తీసేసి, లోగో కనిపించగానే కంప్యూటర్ ఆరిపోయేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. ఇలా వరుసగా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అనే వరుసలో వెళ్లి, చివరగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్‌ను (నెలనెలా వచ్చే మామూలు అప్‌డేట్) తొలగించండి. దీనివల్ల మీ ఫైళ్లు చెరిగిపోవు. మధ్యలో 48 అంకెల బిట్‌లాకర్ కీ (డిస్క్‌కు విండోస్ వేసిన తాళం తెరిచే సంఖ్య) అడిగితే కంగారు పడవద్దు, మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడుతున్నవారికి అది సాధారణంగా ఆ ఖాతాలోనే ఉంటుంది కాబట్టి ఫోన్‌లో తెరిచి చూసుకోవచ్చు.

అప్పటికీ ఆగకపోతే అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని స్టార్టప్ సెట్టింగ్స్ నుంచి సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవాటితోనే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లండి. అక్కడ నిలకడగా పనిచేస్తే తప్పు బహుశా ఏదో డ్రైవర్‌ది, అంటే ప్రింటర్ వంటి పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్‌ది. అక్కడా ఆరిపోతుంటే ర్యామ్‌ను, పవర్ సప్లైని మెకానిక్‌కు చూపించాలి. తెర నిలబడిన వెంటనే, మరే పనీ మొదలుపెట్టకముందే, దరఖాస్తులను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకొని, విండోస్ అప్‌డేట్‌ను కొన్నాళ్లు పాజ్‌లో ఉంచండి.