ముందు ట్రక్కు, తరవాతే ఫిఫ్త్ వీల్

ప్రశ్న: ఐదేళ్లుగా అర టన్ను పికప్ ట్రక్కుకు (అంటే తేలిక తరగతిది) ట్రావెల్ ట్రెయిలర్, అంటే చక్రాల మీది ఇల్లు, తగిలించుకుని తిరుగుతున్నాం. పిల్లలు ఎదిగారు, చోటు చాలడం లేదు. పైగా పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోతే ట్రెయిలర్ ఊగుతోంది. ట్రక్కు తొట్టిలోనే తగిలించే ట్రెయిలర్‌కు, అదే ఫిఫ్త్ వీల్‌కు, మారడం మంచిదేనా?

జవాబు: ఊగుడు విషయంలో మీ ఆలోచన సరైనదే. ట్రావెల్ ట్రెయిలర్ బంపరు వెనకనున్న బంతికి తగులుకుంటుంది. ఫిఫ్త్ వీల్ కింగ్‌పిన్ (ట్రక్కుకు తగులుకునే ఇనుప మొల) ట్రక్కు తొట్టిలో, దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది కనుక, పక్కగాలి తోసినా అంతగా ఊగదు. చిక్కంతా బరువుతోనే. ట్రావెల్ ట్రెయిలర్ సాధారణంగా తన బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు మీద మోపితే, ఫిఫ్త్ వీల్ 20 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే మోపుతుంది. 12,000 పౌండ్ల ట్రెయిలర్ అయితే 2,400 పౌండ్లు; దానికి హిచ్ (ట్రెయిలర్‌ను ట్రక్కుకు తగిలించే అమరిక), మనుషులు, సామాను బరువు కలపాలి. డ్రైవరు తలుపు తెరిస్తే అంచున కనిపించే స్టిక్కరు మీద మీ ట్రక్కు ఎంత మోయగలదో రాసి ఉంటుంది. ప్రకటనల్లో ఊదరగొట్టే లాగుడు శక్తిని పక్కన పెట్టి, ఈ అంకెనే నమ్మండి. చాలా అర టన్ను ట్రక్కులు ఇక్కడే చేతులెత్తేస్తాయి కనుక, కొత్త ట్రక్కు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాల్సి రావచ్చు.

తొట్టి పొట్టిదైతే, మలుపుల్లో ట్రెయిలర్ ముందుభాగం క్యాబిన్‌కు తగలకుండా, వెనక్కి జరిగే రకం హిచ్ అవసరం కావచ్చు. సైకిళ్లు పెట్టుకునే తొట్టి కూడా పోతుంది. నా మటుకు నేనైతే, ఉన్న ట్రెయిలర్‌కు ఊగుడు తగ్గించే మంచి హిచ్ బిగించి, ట్రక్కు మార్చే రోజు వచ్చేదాకా ఆగుతాను.